తాను వలచింది రంభ: వస్తువు డిజైన్‌లో మీ ఇష్టానికి ఎంత చోటు ఇవ్వాలి?

మూడేళ్ల కిందట స్టీలు నీళ్ల బాటిల్ ఒకటి డిజైన్ చేశాను. నాకు నలుపంటే పిచ్చి, అదీ మెరుపు లేని నలుపు. వేరే రంగు ఆలోచించకుండానే నల్ల పౌడర్ కోటింగ్ వేయించాను. శాంపిల్ చేతికొచ్చిన రోజు దాన్ని బల్ల మీద నిలబెట్టి ఫొటోలు తీసుకుంటూ కూర్చున్నాను. రెండో వారానికి ఒళ్లంతా తెల్ల చారలు. మాది బోరు నీళ్ల వీధి. కడిగి బోర్లించిన ప్రతిసారీ నీటి బొట్టు ఆరిన చోటల్లా ఉప్పు మరక మిగిలిపోయేది. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ రెండు రోజులు చూసి, "ఎంత తోమినా తోమనట్టే కనపడుద్దండీ ఇది. నాకు మాటొస్తది" అంది.

ఆ మాటతో బెదిరి నేను రెండో తప్పు చేశాను. ఇక నా ఇష్టాలతో పనిలేదు, జనం ఏది కావాలంటే అదే అనుకుని, తర్వాతి వస్తువుకి పదిహేను మందిని అడిగి వాళ్లు చెప్పినవన్నీ కలిపేశాను. వచ్చినది ఎవరికీ నచ్చలేదు, ఆ పదిహేను మందితో సహా.

ఈ రెండు దెబ్బల తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. మీరు చిన్న యూనిట్ పెట్టుకుని సొంతంగా ఏదైనా వస్తువు తయారు చేయిస్తున్నా, డిజైన్ చదువుకుంటున్నా ఇది పనికొస్తుంది. నేను నీళ్ల బాటిల్‌తోనే చెబుతాను. మీది కుర్చీ కావచ్చు, పచ్చడి జాడీ కావచ్చు, ఫోన్ యాప్ కావచ్చు. వరస మాత్రం మారదు.

1. మీకు ఏది ఎందుకు నచ్చుతుందో ముందు పట్టుకోండి

ఇల్లంతా తిరిగి మీకు నచ్చిన వస్తువులు ఓ పదిహేను తెచ్చి చాప మీద పెట్టండి. ఫోన్‌లో బొమ్మలు చూడొద్దు. అక్కడ కనిపించేది ఇప్పటికే పదిమంది మెచ్చినది, దానికీ మీ ఇష్టానికీ తేడా తెలియకుండా పోతుంది. చేత్తో పట్టుకునేవే తీసుకోండి: గరిటె, తాళం కప్ప, దువ్వెన, కుంకుమ భరిణె, స్క్రూడ్రైవర్, ఏదైనా సరే.

ఒక్కోదాని పక్కన ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం రాయండి. "బాగుంది" అని రాయడానికి వీల్లేదు. "బొటనవేలు ఆనడానికి సరిగ్గా పల్లం ఉంది" అన్నట్టు ఉండాలి. తర్వాత వాటిని మూడు కుప్పలు చేయండి. కంటికి నచ్చినవి, చేతికి నచ్చినవి, జ్ఞాపకం వల్ల నచ్చినవి.

మూడో కుప్పే మోసం చేసేది. మా అమ్మమ్మ మరచెంబు నాకు లోకంలోకెల్లా అందమైన వస్తువు. ఒకరోజు దాన్ని పరాయి వస్తువులా పట్టుకుని చూశాను. బరువు. మూత మర సగంలో పట్టేస్తుంది. చింతపండు పెట్టి తోమకపోతే నాలుగు రోజుల్లో నల్లబడుతుంది. నాకు నచ్చింది నిజానికి చెంబు కాదు, వేసవి సెలవుల రైలు ప్రయాణం. నా బాటిల్ కొనేవాళ్లకి ఆ రైలుతో ఏం సంబంధం? కానీ అదే చెంబులో ఇంకొకటి కూడా దొరికింది. దాని మెడ కింద చూపుడువేలు చక్కగా ఇమిడి, తడిచేత్తో పట్టుకున్నా జారదు. అది చేతి కుప్పలోది, అందరి చేతులకీ పనికొచ్చేది. ప్రయాణాన్ని పక్కన పెట్టి ఆ మెడను మాత్రం నా బాటిల్‌లోకి తెచ్చుకున్నాను.

ఈ విడదీయడం వచ్చేదాకా రెండో మెట్టు ఎక్కకండి.

2. వస్తువు చేయాల్సిన పనిని రాయండి

దీనికి నాకు తెలిసిన మంచి నమూనా మన చెంబు గురించే ఉంది. అమెరికన్ డిజైనర్లు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వం పిలుపు మీద మన దేశం తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టడానికి అదే పునాది. ఇక్కడ చూసిన వస్తువులన్నిట్లో వాళ్లు బాగా మెచ్చుకున్నది లోటాని, అంటే మన చెంబుని. మెచ్చుకుని ఊరుకోలేదు, అలాంటిది ఇవాళ కొత్తగా డిజైన్ చేయాలంటే ఏమేం ఆలోచించాలో వరసగా రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి, మోసేది చంకనా, తలమీదా, చేత్తోనా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు వాలుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎటు, లోపల తోమడానికి ఎలా ఉంటుంది, బయట తాకితే ఎలా ఉంటుంది... అలా సాగి సాగి, దాన్ని సొంతం చేసుకుంటే ఎలా అనిపిస్తుంది, అమ్ముతుంటే ఎలా ఉంటుంది, ఒకరికి బహుమతిగా ఇస్తుంటే ఎలా ఉంటుంది అనే దాకా వెళ్తుంది ఆ జాబితా. చెంబును ఏ ఒక్కరూ డిజైన్ చేయలేదనీ, తరతరాలుగా ఎందరో కలిసి దిద్దుకుంటూ వచ్చారనీ కూడా అన్నారు.

నేను మొదటిసారి ఆ జాబితా చదివినప్పుడు చివరి భాగాన్ని కవిత్వం అనుకుని వదిలేశాను. దాని ఫలితం ఏడో మెట్టులో చెబుతాను.

మీ వస్తువుకి ఇలాంటి జాబితా ముప్పై ప్రశ్నలకు తగ్గకుండా రాయండి. మనవాళ్ల అలవాట్లు మరిచిపోవద్దు. మన ఇళ్లల్లో చాలామంది ఎంగిలి కాకుండా బాటిల్ ఎత్తి నోట్లో పోసుకుంటారు. అలాంటివాళ్లకి మూతి సన్నగా ఉండి ధార సన్నగా రావాలి. కానీ తోమాలంటే చెయ్యి లోపలికి పోవాలి కాబట్టి మూతి వెడల్పుగా ఉండాలి. ఈ రెండిటి మధ్య తగాదాని మీ అభిరుచితో తీర్చలేరు. పైన వెడల్పు మర, దానికి బిగించే చిన్న మూతి అని రెండు ముక్కలు చేస్తే తీరింది. ఫ్రిజ్ తలుపులో పడుతుందా, కాలేజీ బ్యాగు పక్క జేబులో దూరుతుందా, బోరు నీళ్లకి మరక కనపడుతుందా అన్నవన్నీ ఇక్కడే రావాలి. నేను ఈ మెట్టు మీద ఒక్క గంట కూర్చుని ఉంటే నలుపు గొడవే ఉండేది కాదు.

3. పని పట్టించుకోని చోట్లు వెతకండి

ఇప్పుడు జాబితాలో ఒక్కో అంశం పక్కన రాయండి: దీనికి ఒకే జవాబు ఉందా, లేక రెండు మూడు జవాబులు సమానంగా పనిచేస్తాయా?

నా బాటిల్‌లో ఎత్తుకి దాదాపు ఒకే జవాబు. చుట్టుకొలతకీ అంతే, చేతి పట్టు దాన్ని తేల్చేసింది. కానీ భుజం గుండ్రంగా జారినా, ఏటవాలుగా దిగినా పని ఒకటే. మూత అంచున గీతలు నిలువుగా ఉన్నా, చుక్కల్లా ఉన్నా పట్టు దొరుకుతుంది. మరక కనపడని లేత రంగుల్లో ఏ రంగైనా ఫరవాలేదు. మూత పడినప్పుడు వచ్చే చప్పుడు కూడా అంతే.

మీ ఇష్టానికి చోటు అక్కడ. అక్కడ మొహమాటపడకండి, కారణాలు వెతుక్కోకండి, మీకు నచ్చినదే పెట్టండి. "మిగిలిన చోట్లేగా" అని తీసిపారేయకండి. కొట్లో ఒకే ధరకి, ఒకేలా పనిచేసే రెండు బాటిళ్లు పక్కపక్కన ఉంటే చెయ్యి ఒకదాని మీదికే ఎందుకు వెళ్తుంది? ఆ భుజం జారుడు వల్లే, ఆ మూత చప్పుడు వల్లే.

ఇష్టం తన హద్దు దాటితే ఏమవుతుందో చూడాలంటే ఫిలిప్ స్టార్క్ గీసిన నిమ్మకాయ పిండే పరికరం ఉంది. అలెస్సీ అనే ఇటలీ కంపెనీ 1990లో తెచ్చింది. మూడు సన్నటి కాళ్ల మీద నిలబడ్డ సాలీడులా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. తర్వాత దానికి బంగారు పూత వేసి కూడా అమ్మారు. ఆ పూతకి నిమ్మరసం తగిలితే పాడవుతుందట, కాబట్టి దాంతో నిమ్మకాయ పిండొద్దని చెప్పి అమ్మారు! పైన పటారం లోన లొటారం అందామంటే అదీ పూర్తిగా న్యాయం కాదు. కొనేవాళ్లు దాన్ని బొమ్మగానే కొన్నారు. మీరూ బొమ్మే అమ్ముతుంటే అమ్మండి, కానీ పెట్టె మీద వంటింటి సామాను అని రాయకండి.

4. తయారు చేసే మనిషి పక్కన కూర్చోండి

కంప్యూటర్ మీద గీసిన అందం వేరు, ప్రెస్‌లోంచి బయటికొచ్చే అందం వేరు. స్టీలు రేకును డైలో, అంటే ఇనుప అచ్చులో నొక్కి లోతుగా లాగేటప్పుడు పదునైన మూల పెడితే రేకు అక్కడ చిరుగుతుంది. మా ప్రెస్ మేస్త్రీ నా బొమ్మ చూసి, "ఈ మూల నాకు కొంచెం గుండ్రంగా ఇవ్వండి, రేకు ఏడవకుండా వస్తది" అన్నాడు. ఇచ్చాను. ఆ గుండ్రమే ఇప్పుడు బాటిల్‌లో అందరూ మెచ్చుకునే వంపు. పొగడ్తలు మాత్రం నాకొస్తున్నాయి.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. జర్మనీలో బ్రౌన్ కంపెనీ 1956లో తెచ్చిన ఎస్‌కే 4 రేడియో రికార్డ్ ప్లేయర్‌కి ముందు రేకు మూత అనుకున్నారు. పాట పెడితే అది గిలగిలా మోగేది. దాంతో డీటర్ రామ్స్ పారదర్శకమైన ప్లాస్టిక్ మూత పెట్టించారు. జనం దాన్ని స్నోవైట్ కథలోని గాజు శవపేటిక అని వెక్కిరించారు, తర్వాత ప్రపంచమంతా రికార్డ్ ప్లేయర్లకి అదే మూత వచ్చింది. చప్పుడు ఆపడానికి చేసిన పని అది.

వీలైతే ఒకసారి అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకకి వెళ్లి రండి. అంకుడు కర్రను తరిమెన (లేత్) మీద తిప్పుతూ ఉలి పెడతారు, తిరుగుతుండగానే రంగు లక్క ముక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తిరిగే కర్ర మీద వచ్చేవి గుండ్రాలూ, చుట్టూ పోయే పట్టీలే. అందుకే ఆ బొమ్మలన్నీ గుండ్రంగా, పట్టీ పట్టీలుగా ఉంటాయి. ఎవరో కూర్చుని 'ఇది మా శైలి' అని తీర్మానించింది కాదు. ఇక రంగుల సంగతి: పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు, కాబట్టి రంగు కంటికి నచ్చితే చాలదు, కడుపుకీ పడాలి. అక్కడ సహజ రంగులను మళ్లీ నిలబెట్టినవాళ్లలో ముందుండే పేరు సి.వి.రాజు గారిది, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. రసాయన రంగుల మెరుపు ముందు ఆ రంగులు కాస్త నెమ్మదిగా కనిపిస్తాయి. నాకైతే ఆ నెమ్మదే ఇష్టం.

5. ఒకటి కాదు, మూడు చేయించండి

మొదటిది పూర్తిగా మీ ఇష్టప్రకారం. రెండోది బజార్లో ఇప్పుడు అమ్ముడుపోతున్నదానికి దగ్గరగా. మూడోది మధ్యస్థంగా. రేమండ్ లోవీ అనే డిజైనర్ దీనికి ఒక సూత్రం చెప్పేవాడు: వీలైనంత కొత్తగా ఉండాలి, కానీ జనం ఒప్పుకునేంత తెలిసినట్టూ ఉండాలి. వస్తువులో ఒకచోట కొత్తదనం చూపిస్తే మిగతాచోట్ల పాతదాన్ని ఉంచండి. నా బాటిల్‌కి మూతి కొత్త కాబట్టి ఒంటిని చూడగానే 'ఇది నీళ్ల బాటిల్' అనేలా వదిలేశాను.

డై ముందే కోయించకండి. దాని ఖర్చు ఒకసారి పడితే వెనక్కి రాదు. ఆకారాన్ని థర్మోకోల్‌తోనో త్రీడీ ప్రింట్‌తోనో చూసుకోండి. రంగు చివరిదాకా మార్చుకోవచ్చు, తొందరపడక్కర్లేదు.

6. "ఎలా ఉంది?" అని మాత్రం అడగకండి

మనవాళ్లని ఆ ప్రశ్న అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "బాగుందండీ." ఎదుటి మనిషి కష్టపడి చేసుకొస్తే మొహం మీద బాలేదని ఎవరంటారు? పెళ్లిచూపుల్లో కాఫీ ఎలా ఉందని అడిగినట్టే ఉంటుంది.

బదులుగా వస్తువుని చేతికిచ్చి మాట్లాడకుండా చూడండి. ముందు ఏ వేలు ఎక్కడ పడింది? మూత ఎటు తిప్పబోయారు? బల్ల మీద పెట్టాక మళ్లీ తీసుకున్నారా? తర్వాత మూడింటినీ వరసగా పెట్టి, "ఒకటి ఇంటికి పట్టుకెళ్లండి" అనండి. పట్టుకెళ్లేది నోటితో మెచ్చుకున్నదే అయి ఉండాలని లేదు.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. 1995లో జపాన్‌లోని హిటాచీ డిజైన్ సెంటర్‌లో కురొసు, కషిమురా అనే ఇద్దరు పరిశోధకులు ఏటీఎం తెర మీద మీటల అమరికలు 26 రకాలు తయారు చేసి జనానికి చూపించారు. ఏది అందంగా ఉంది, ఏది వాడటానికి సులువుగా అనిపిస్తోంది అని అడిగారు. జనం సులువు అన్నవి చాలావరకు అందంగా ఉన్నవే. అసలు సులువుతో వాళ్ల జవాబులకి సంబంధం తక్కువ. ఇజ్రాయెల్‌లో ట్రాక్టిన్‌స్కీ అనే పరిశోధకుడికి ఇది నమ్మబుద్ధి కాలేదు. జపాన్‌వాళ్లకి అందం మీద మక్కువ ఎక్కువేమో, మా దగ్గర ఇలా రాదు అనుకుని 1997లో తనూ చేసి చూశాడు. అక్కడ ఆ ముడి ఇంకా గట్టిగా బయటపడింది.

దీన్నిబట్టి మీరు చేయాల్సింది రెండు. అందం బాగుంటే వాడేవాళ్లు చిన్న చిన్న ఇబ్బందులు ఓర్చుకుంటారు కాబట్టి అందం మీద ఖర్చుపెట్టడానికి వెనకాడకండి. కానీ సులువును నోటిమాటతో కొలవకండి. గడియారం పెట్టి మూత తీయడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి, చొక్కా మీద ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టండి. నా మొదటి మూతను అందరూ "చాలా ఈజీ" అన్నారు. ఎనిమిది మందిలో ఐదుగురు షర్టు తడుపుకున్నారు.

7. ఓట్లు పెట్టకండి

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. పది రుచులు కలిపితే ఏ రుచీ ఉండదని పదిహేను మందిని అడిగి చేసిన ఆ వస్తువు నాకు నేర్పింది. అందరి మాటా వినండి, తేల్చేది మాత్రం ఒక్కరే కావాలి. ఆ ఒక్కరు ఎవరో మొదటిరోజే మాట్లాడుకోండి.

డబ్బు పెట్టేవాళ్లతో పేచీ వచ్చినప్పుడు "నాకు నచ్చలేదు" అనకండి. ఆయనకి నచ్చింది, మీకు నచ్చలేదు, ఇక మాట ఎటు కదులుతుంది? మూడో మెట్టులో రాసుకున్న కాగితం తీయండి. పేచీ వచ్చిన అంశం పనికి అడ్డొస్తుంటే చూపించి వాదించండి. అడ్డురాకపోతే అది ఇష్టాల సంగతి. అక్కడ ఎవరి మాట చెల్లాలని ముందు అనుకున్నారో వాళ్లదే.

మా యజమాని భుజం కింద సన్నటి బంగారు రంగు గీత ఒకటి వేద్దామన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎబ్బెట్టుగా ఉంటుంది, నగల కొట్లా ఉంటుంది అన్నాను. ఆయన మాటే నెగ్గింది, గీత ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని వేశాం. పెళ్లిళ్ల సీజన్‌లో గీత ఉన్నవే ముందు అయిపోయాయి. జనం వాటిని గృహప్రవేశాలకీ, నిశ్చితార్థాలకీ ఇవ్వడానికి డజన్ల లెక్కన కొన్నారు. ఈమ్స్ దంపతుల జాబితాలో నేను కవిత్వం అనుకుని వదిలేసిన ప్రశ్న ఇదే: ఒకరికి ఇస్తుంటే ఎలా ఉంటుంది? ఇచ్చే వస్తువు పెట్టె తెరవగానే కొంచెం శుభంగా కనపడాలి. అదీ దాని పనే. నా జాబితాలో ఆ పని రాసుకోలేదు కాబట్టి గీతను సోకు అనుకున్నాను. ఆ గీత ఇప్పటికీ నాకు నచ్చదు, అది వేరే సంగతి.

8. తేల్చినదాన్ని బిగించండి

తేల్చాక ఆలస్యం చేయకండి. రంగుని "లేత ఆకుపచ్చ" అని చెప్పి వదిలేస్తే బ్యాచ్‌కో ఆకుపచ్చ వస్తుంది. పౌడర్ కోటింగ్‌కి రంగుకొకటి చొప్పున ఆర్‌ఏఎల్ నంబర్లుంటాయి, ఆ నంబరు రాసివ్వండి. ఒప్పుకున్న శాంపిల్ మీద తేదీ వేసి సంతకం చేసి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఫ్యాక్టరీలో ఉంచండి. రంగుని ఎండలో, ట్యూబ్‌లైట్ కింద, పసుపు బల్బు కింద మూడుచోట్లా చూశాకే సంతకం పెట్టండి. ఆఖరి శాంపిల్‌ని నెల రోజులు ఇంట్లో వాడనివ్వండి, ముఖ్యంగా దాన్ని తోమేవాళ్ల చేతికి ఇవ్వండి. నాకు ఇప్పుడు ఆవిడ సరేనంటేనే సరే.

9. కొనేవాళ్ల ముచ్చటకి చోటు వదలండి

మన దగ్గర స్టీలు సామాను ఎవరికైనా ఇస్తే మీద పేరు కొట్టించి ఇస్తాం. పుట్టినరోజు పేరు, పెళ్లి తేదీ, 'ఫలానావారి జ్ఞాపకార్థం' లాంటివి. మొదట్లో నేను ఒంటి మధ్యలో లోగో పెద్దగా వేయించాను, జనం పేరుని దాని పక్కన ఇరికించి కొట్టించుకున్నారు. రెండూ చెడ్డాయి. ఇప్పుడు లోగోని అడుగుకి దించేశాం. మెడ కింద, గీతకి పైన, రెండు వేళ్ల వెడల్పు జాగా ఏ గుర్తూ లేకుండా, కోటింగ్ కూడా లేకుండా ఉత్త స్టీలుగానే వదిలాం, పేరు కొట్టే మెషిన్ సూది నున్నగా నడవడానికి. గిన్నెల కొట్టాయన దాన్ని తిప్పి చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ఇక్కడ పెద్ద పేరైతే రెండు లైన్లు పడతాయా?" పడవు. వచ్చే బ్యాచ్‌కి ఆ జాగా ఇంకో వేలు పెంచుతున్నాం.